అప్‌లోడ్ మొదలైతే చాలు పింగ్ 380: ప్లాన్ మార్చకండి, క్యూ సంగతి చూడండి

మీరు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. హైదరాబాద్‌లో ఫ్లాట్, 50 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్, అప్‌లోడ్ కూడా 50. వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడుతుంటే మామూలుగా పింగ్ (ప్యాకెట్, అంటే చిన్న డేటా ముక్క, సర్వర్‌కి పోయి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 28, 30. అక్క ఫోన్‌లో ఫొటోల బ్యాకప్ మొదలవగానే 350, 380. అదే టైమ్‌లో నాన్నగారి ఆఫీసు వీడియో కాల్ ముక్కలు ముక్కలు. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే "స్పీడ్ టెస్ట్‌లో 50 వస్తోంది కదా సార్, ఇంకా కావాలంటే 100 ప్లాన్ తీసుకోండి" అన్నాడు. రౌటర్‌లో క్యూఓఎస్ (ఎవరి డేటా ముందు పోవాలో చెప్పే సెట్టింగ్) ఆన్ చేసి మీ పీసీకి హై ప్రయారిటీ ఇచ్చారు, ఏమీ తేడా రాలేదు.

100 ప్లాన్ తీసుకోకండి. కనీసం ఈ కారణానికి తీసుకోకండి. ఎందుకో ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది.

పింగ్ 30 నుంచి 380కి పోయిందంటే మీ గేమ్ ప్యాకెట్ ఎక్కడో 350 మిల్లీసెకన్లు ఆగి ఉంది. ఆగింది దారిలో కాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై సర్వర్ 700 కిలోమీటర్లు అనుకున్నా రానుపోను 7 మిల్లీసెకన్లు. మీ మామూలు 30లో మిగతాది చుట్టు దారులు, మధ్యలోని పరికరాలు. అది అక్క ఫొటోలు పంపినా పంపకపోయినా అంతే ఉంటుంది. కొత్తగా వచ్చిన 350 మాత్రం పూర్తిగా ఒక పరికరం మెమరీలో వరసలో నిలబడిన సమయం. 50 ఎంబీపీఎస్ లైన్ మీద 350 మిల్లీసెకన్లలో పోయే డేటా 17.5 మెగాబిట్లు, అంటే సుమారు 2.2 ఎంబీ. 1500 బైట్ల ప్యాకెట్లుగా లెక్కేస్తే 1,450 పైచిలుకు. మీరు ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో ఆ ఒక్క చిన్న ప్యాకెట్ ముందు 1,450 ఫొటో ముక్కలు నిలబడి ఉన్నాయన్నమాట.

100 ప్లాన్ తీసుకుంటే ఏమవుతుంది? అదే 2.2 ఎంబీ క్యూ సగం టైమ్‌లో కరుగుతుంది. 380 బదులు 200 చూస్తారు. 200తో కూడా ఆడలేరు, బిల్లు మాత్రం పెరుగుతుంది. నిజానికి మీ గేమ్‌కి ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్క చూస్తుంది, కానీ వచ్చే పోయే ప్యాకెట్లు చాలా చిన్నవి. మీకు స్పీడ్ తక్కువ కాలేదు. వరసలో మీ వంతు ఆలస్యం అవుతోంది.

కాలేజీ పక్కన జిరాక్స్ షాపు గుర్తు తెచ్చుకోండి. మీ చేతిలో హాల్ టికెట్, ఒకే పేజీ. మీ ముందు ఒకతను 400 పేజీల గైడు పట్టుకుని నిలబడ్డాడు. షాపువాడు మొండివాడైతే 400 పేజీలూ అయ్యేదాకా మీరు ఎండలో నిలబడాల్సిందే. రెండో మిషన్ కొన్నా, గైడ్లు తెచ్చేవాళ్లు రెండింటినీ నింపేస్తారు. తెలివైన షాపువాడు "బాబూ, ఒక్క పేజీయేగా, ఇటివ్వు" అని గైడు మధ్యలో ఆపి మీది తీసిచ్చేస్తాడు. గైడు అతనికి అర సెకను కూడా తేడా తెలియదు. మీ పని మాత్రం అయిపోయింది.

మీ రౌటర్‌ని అలాంటి షాపువాడిగా మార్చవచ్చు. అయితే ఇక్కడొక చిక్కుంది, మీ క్యూఓఎస్ పనిచేయకపోవడానికి అసలు కారణం అదే. మీ రౌటర్ దగ్గర క్యూ లేనే లేదు. రౌటర్ నుంచి ఓఎన్‌టీ డబ్బాకి (ఆపరేటర్ ఇచ్చిన, ఫైబర్ వచ్చి చేరే పెట్టె) ఉన్న కేబుల్ గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్. రౌటర్ తన దగ్గరికి వచ్చిన ప్యాకెట్‌ని వచ్చినట్టే అటు తోసేస్తుంది. 50కి బిగించేది ఆ తర్వాత, ఓఎన్‌టీలోనో ఆపరేటర్ వైపు సామానులోనో. వరస పేరుకుపోయేది కూడా అక్కడే, మొండి షాపువాడి దగ్గర. ఖాళీ కౌంటర్ దగ్గర మీకు వీఐపీ పాస్ ఇచ్చి లాభమేముంది? మీ రౌటర్ క్యూఓఎస్ పేజీలో మొత్తం బ్యాండ్‌విడ్త్ ఎంతో రాసే గడి ఉంటే ఒకసారి చూడండి. అందులో 1000 అని ఉంటే, రౌటర్ తన లైన్ వెయ్యి అనుకుంటోంది. అంత రద్దీ దానికి ఎప్పటికీ కనబడదు, కాబట్టి మీ ప్రయారిటీని అది ఒక్కసారి కూడా వాడి ఉండదు.

అందుకే చేయాల్సింది: మీ లైన్ నిజంగా ఇచ్చే స్పీడ్ కంటే కొంచెం తక్కువకి రౌటర్‌లోనే కట్టడి పెట్టడం. 50 వచ్చే చోట 45. అప్పుడు ఇరుకు దారి మీ రౌటర్ అవుతుంది, వరస దాని దగ్గరే పేరుకుంటుంది, ఎవర్ని ముందు పంపాలో నిర్ణయం మీ చేతికి వస్తుంది. ఆ 5 ఎంబీపీఎస్ వదులుకోవడం చాలామందికి మనసొప్పదు. డబ్బు కట్టిన స్పీడ్ ఎందుకు పోగొట్టుకోవాలని నాతో గొడవ పడినవాళ్లున్నారు. ఫొటోల బ్యాకప్ 10 నిమిషాలకు బదులు 11 నిమిషాలు పడితే అక్క గమనించరు. 380 పింగ్ మాత్రం మీరు గమనించారు, నాన్నగారి మేనేజర్ కూడా గమనించే ఉంటాడు.

ఈ జబ్బుకి పేరు బఫర్‌బ్లోట్. 2010లో జిమ్ గెటీస్ అనే ఇంజనీరు తన ఇంట్లోనే దీన్ని పట్టుకున్నాడు. పెద్ద ఫైల్ కాపీ అవుతుంటే ఇంట్లో ఇంటర్నెట్ మొత్తం మూలుగుతోందేమిటని తవ్వుతూ పోయాడు. మెమరీ చవకైంది కదా అని పరికరాల తయారీదారులు బఫర్లు, అంటే ప్యాకెట్లు దాచే మెమరీ, పెంచుకుంటూ పోయారు. ప్యాకెట్ పోగొట్టుకోవడం తప్పు, దాచిపెట్టడం మంచిదని వాళ్ల లెక్క. టీసీపీకి (డేటా ఎంత వేగంతో పంపాలో చూసుకునే ఇంటర్నెట్ పద్ధతి) మాత్రం ప్యాకెట్ దారిలో పడిపోవడమే సంకేతం. "దారి నిండింది, తగ్గు" అని పంపేవాడికి తెలిసేది ఎక్కువగా దానివల్లే. డబ్బా ఒక్కటీ వదలకుండా దాచుకుంటూ పోతే, పంపేవాడు దారి ఖాళీగా ఉందనుకుని ఇంకా వేగం పెంచుతాడు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

దీనికి మందు 2012లో వచ్చింది. క్యాథలీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ ఇద్దరూ కలిసి కోడెల్ అనే పద్ధతి రాశారు. క్యూ ఎంత పొడవుందని కాకుండా, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని అది చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఏ ప్యాకెట్టూ 5 మిల్లీసెకన్లలోపు బయటపడకపోతే, ఒకదాన్ని పడేసి పంపేవాడికి కబురు చేస్తుంది. ఎరిక్ డుమాజె దానికి ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో వరస కలిపి ఎఫ్‌క్యూ-కోడెల్ చేశాడు. ఆ తర్వాతిది కేక్, ఎక్కువ భాగం జొనాథన్ మోర్టన్ పని. 2018లో లినక్స్ 4.19తో పాటు కెర్నెల్‌లో (చాలా రౌటర్ల లోపల నడిచే సాఫ్ట్‌వేర్ గుండెకాయ) చేరింది. కట్టడి, వాటాలు, కోడెల్ మూడూ అందులో ఒకేచోట ఉంటాయి. వీటన్నిటినీ ఏళ్ల తరబడి భుజాన మోసి, ఉచితంగా ఇళ్లలోకి చేర్చిన డేవ్ టాట్ 2025 ఏప్రిల్‌లో పోయారు. నా ఇంట్లో పింగ్ కదలనప్పుడల్లా ఆయన గుర్తొస్తారు.

ఇక పనిలోకి దిగుదాం. ముందు రోగం ఇదేనని తేల్చుకోవాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి, తర్వాత కేక్ పనిచేయలేదని తిడతారు.

లాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి పెట్టండి. వైఫై మీద కొలిస్తే ఏది ఎవరి తప్పో తెలియదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8కి (గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ పెట్టండి (పింగ్ కమాండ్‌కి హైఫన్, టీ అక్షరం కలిపితే ఆపేదాకా నడుస్తుంది). ఎవరూ నెట్ వాడనప్పుడు ఒక నిమిషం చూడండి. తర్వాత అదే విండో పక్కన పెట్టుకుని స్పీడ్ టెస్ట్ నడపండి. డౌన్‌లోడ్ దశలో పింగ్ ఎంత, అప్‌లోడ్ దశలో ఎంత, రెండూ రాసుకోండి. వేవ్‌ఫామ్ వాళ్ల బఫర్‌బ్లోట్ టెస్ట్ కూడా ఉంది, అది ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది. నాకు మాత్రం ఆ నల్ల విండోలో అంకెలు ఎగరడం చూస్తేనే నమ్మకం.

ఇదంతా పొద్దున 6 గంటలకు ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి చేయండి. రాత్రి ఇంట్లో ఎవరూ నెట్ వాడకపోయినా, ఖాళీ లైన్ మీదే పింగ్ 120 ఉంటే అది మీ ఇంటి క్యూ కాదు. ఆపరేటర్ దగ్గర వీధంతా కలిసి నిలబడిన క్యూ. దానికి మీ రౌటర్‌లో ఏం పెట్టినా ఉపయోగం ఉండదు. కంప్లయింట్ పెట్టాలి, లేదా ఆపరేటర్‌ని మార్చాలి. మీరు చెప్పినదాన్ని బట్టి ఖాళీగా ఉన్నప్పుడు 30 దగ్గరే ఉంటోంది, అప్‌లోడ్ మొదలైతేనే లేస్తోంది. అంటే మీది ఇంటి క్యూయే. నయమయ్యే రోగం.

ఇంకొకటి కూడా చూడండి. లాప్‌టాప్‌ని వైఫైకి మార్చి, బయటికి కాకుండా రౌటర్‌కే (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1) పింగ్ పెట్టండి. అది 2, 3 మిల్లీసెకన్లు ఉండాలి. అక్కడే 80, 150 అని ఎగురుతుంటే రోగం గాల్లో ఉంది. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ అంటే సంతలో ఫోన్ మాట్లాడినట్టే. ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్లు 1, 6, 11 మూడే, పక్కింటి రౌటర్లు డజను. గేమ్ పీసీకి కేబుల్ లాగండి, కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వాడండి. 30 మీటర్ల క్యాట్ 6 కేబుల్, గోడకి కొట్టే క్లిప్పుల ప్యాకెట్ చాలు. గేమింగ్ రౌటర్ అని కొమ్ములున్న డబ్బా కొనడం కంటే ఇది చాలా మేలు.

ఇప్పుడు రౌటర్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ సొంత సాఫ్ట్‌వేర్ బదులు ఎక్కించే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే రౌటర్ ఉంటే దారి సులువు. మీ మోడల్‌కి అది ఉందో లేదో వాళ్ల హార్డ్‌వేర్ పట్టికలో చూడండి. ఇక్కడ ఒక హెచ్చరిక. పెట్టె మీద పేరు చూసి మోసపోకండి, రౌటర్ అడుగున స్టికర్ మీద వెర్షన్ చూడండి. ఉదాహరణకి టీపీ-లింక్ ఆర్చర్ సీ6లో వీ2కి క్వాల్‌కామ్ చిప్, వీ3కి మీడియాటెక్ చిప్. పేరు ఒకటే, లోపల రెండు వేరే మిషన్లు. ఒకదాని ఫైల్ ఇంకోదానికి ఎక్కిస్తే రౌటర్ ఇటుకరాయి అయిపోతుంది. 8 ఎంబీ ఫ్లాష్ (స్టోరేజ్), 64 ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటి జోలికి పోకండి. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉంటే ఊపిరాడుతుంది.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కాక, సిస్టమ్ మెనూలో సాఫ్ట్‌వేర్ పేజీకి వెళ్లి లిస్టు అప్‌డేట్ చేసి, వెతికే గడిలో ఎస్‌క్యూఎం (క్యూని చూసుకునే భాగం) అని కొట్టండి. లూసీ-యాప్-ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ వస్తుంది. అది ఇన్‌స్టాల్ చేస్తే కావలసినవి దాంతోపాటే వచ్చేస్తాయి. పేజీ రీలోడ్ చేశాక నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎం క్యూఓఎస్ కనిపిస్తుంది.

మొదట ఇంటర్‌ఫేస్, అంటే ఏ వైపు కట్టడి పెట్టాలో ఎంచుకోవాలి (వాన్ అంటే బయటి వైపు, ల్యాన్ అంటే ఇంటి వైపు). మీ రౌటర్‌లోనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి నెట్ ఎక్కుతున్నారంటే మీది పీపీపీఓఈ. అప్పుడు పీపీపీఓఈ-వాన్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. ఓఎన్‌టీయే లాగిన్ అయి, మీ రౌటర్ దాని వెనక కూర్చుంటే మామూలు వాన్ ఎంచుకోండి. పొరపాటున ల్యాన్ వైపు పెట్టారో, డౌన్‌లోడ్, అప్‌లోడ్ తారుమారవుతాయి. రౌటర్‌కి ల్యాన్‌లోకి పోయేది అప్‌లోడ్ లాగే కనిపిస్తుంది మరి. 50కి 50 లైన్ మీద ఈ తప్పు బయటపడదు కూడా, అదీ ప్రమాదం.

తర్వాత స్పీడ్ గడులు. ఇక్కడ నా పరువు పోయిన కథ చెప్పాలి. కూకట్‌పల్లిలో మా అక్కావాళ్లింట్లో ఇదే సెట్ చేస్తూ డౌన్‌లోడ్‌లో 45, అప్‌లోడ్‌లో 45 కొట్టి సేవ్ చేశాను. రౌటర్ పేజీ బాగానే తెరుచుకుంటోంది, బయట ఒక్క సైట్ రావడం లేదు. టీవీలో సీరియల్ ఆగిపోయింది. "బాగుచేయడానికి వచ్చావా, పాడుచేయడానికా" అని వంటింట్లోంచి గొంతు. పది నిమిషాలు కేబుళ్లు పీకి పెట్టి చూశాక తట్టింది. ఆ గడులు కిలోబిట్లలో. నేను ఆ ఇంటికి 45 కిలోబిట్ల లైన్ ఇచ్చాను, పాత డయల్-అప్ కంటే తక్కువ. మీరు 45000 అని కొట్టండి. సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకోండి.

45000 ఎక్కడి నుంచి వచ్చింది? ప్లాన్ కాగితం మీది 50లోంచి కాదు, మీరు కొలిచినదాంట్లోంచి రావాలి. ఎస్‌క్యూఎం ఆపి ఉంచి, పొద్దున, సాయంత్రం, రాత్రి కలిపి నాలుగైదుసార్లు స్పీడ్ టెస్ట్ చేయండి. వచ్చినవాటిలో తక్కువది తీసుకుని, దాంట్లో 85 నుంచి 90 శాతం పెట్టి మొదలుపెట్టండి. రాత్రి 9కి 44 వచ్చిందనుకుంటే 38000 నుంచి మొదలవ్వాలి, 45000 నుంచి కాదు. సరిగ్గా లైన్ స్పీడ్ పెడితే క్యూ మళ్లీ ఓఎన్‌టీలోకి జారిపోతుంది.

అప్‌లోడ్‌కి కొంచెం తక్కువ కోత సరిపోతుంది. డౌన్‌లోడ్‌కి ఇంకొంచెం ఎక్కువ కోయాలి. అప్‌లోడ్‌లో మనం ఇరుకు దారికి ముందు నిలబడి ఉన్నాం, ఎంత పంపాలో మనమే చెబుతాం. డౌన్‌లోడ్‌లో ప్యాకెట్ అప్పటికే ఇరుకు దారి దాటి మన గుమ్మం దాకా వచ్చేసింది. వచ్చినదాన్ని వెనక్కి పంపలేం. ఒకటి పడేసి, అటువైపు సర్వర్ తగ్గించుకునేలా చేయడమే మన పని. ఆ కబురు పోయి, వాళ్లు తగ్గేదాకా కొంత జాగా ఖాళీ ఉంచుకోవాలి, అంతే.

క్యూ డిసిప్లిన్ ట్యాబ్‌లో కేక్ ఎంచుకోండి. స్క్రిప్ట్ దగ్గర పీస్ ఆఫ్ కేక్ అనేది చాలు. లేయర్ కేక్ అని ఇంకోటి ఉంటుంది, ప్యాకెట్ల మీద ముద్రలు చూసి తరగతులుగా విడదీస్తుంది. ఆ ముద్రలు సరిగ్గా వేసుకునే ఓపిక ఉన్నవాళ్లకి అది, మిగతావాళ్లకి గోటితో పోయేదానికి గొడ్డలి. లింక్ లేయర్ ట్యాబ్‌లో ఈథర్‌నెట్ ఎంచుకుని ఓవర్‌హెడ్ 44 పెట్టండి. ప్రతి ప్యాకెట్‌కీ బయట చుట్టిన కాగితం బరువు అది. కాస్త ఎక్కువ పెడితే కొంచెం స్పీడ్ పోతుంది, తక్కువ పెడితే చిన్న ప్యాకెట్లు ఎక్కువైనప్పుడు లెక్క తప్పుతుంది. అందుకే ఎక్కువవైపే ఉండండి.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన సెట్టింగ్. రౌటర్ నాట్ (ఇంటి పరికరాలన్నిటినీ ఒకే బయటి అడ్రస్ వెనక దాచే పద్ధతి) చేస్తుంది కాబట్టి, ప్రత్యేకంగా చెప్పకపోతే ఏ ప్యాకెట్ ఏ పరికరానిదో కేక్‌కి కనబడదు, వాటా చాలావరకు కనెక్షన్ల లెక్కన పడుతుంది. ఒక పీసీ టోరెంట్‌తో 60 కనెక్షన్లు తెరిస్తే, రెండు కనెక్షన్లున్న వీడియో కాల్ పక్కన దానికి పెద్ద ముద్ద పడుతుంది. అదే మనుషుల లెక్కన, అంటే పరికరాల లెక్కన పంచమని చెప్పొచ్చు. క్యూ డిసిప్లిన్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగులు తెరిచి, ప్రమాదకరం అని బెదిరించే టిక్ కూడా పెట్టండి. అడుగున ఇన్‌గ్రెస్ (లోపలికి వచ్చేది), ఈగ్రెస్ (బయటికి పోయేది) అని రెండు రాసే గడులు వస్తాయి. మొదటిదాంట్లో నాట్, డ్యుయల్-డీఎస్‌టీహోస్ట్, ఇన్‌గ్రెస్ అనే మూడు మాటలు. రెండోదాంట్లో నాట్, డ్యుయల్-ఎస్‌ఆర్‌సీహోస్ట్ అనే రెండు. అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ వదిలి. ఇక అక్క ఫోన్ ఎన్ని కనెక్షన్లు తెరిచినా దాని వాటా ఒక ఫోన్ వాటాయే. ఎవరూ వాడనప్పుడు మొత్తం లైన్ దానికే ఇస్తుంది. ఎవర్నీ బ్లాక్ చేయక్కర్లేదు, ఇంట్లో గొడవలుండవు.

సేవ్ అండ్ అప్లై కొట్టే ముందు ఫైర్‌వాల్ పేజీలో హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి, సాఫ్ట్‌వేర్‌ది కూడా. అది రౌటర్ లోపల అడ్డదారి. ప్యాకెట్లు కేక్ ఉన్న గదిలోకి రాకుండానే వెళ్లిపోతాయి. అన్నీ సరిగ్గా పెట్టాను, ఏమీ మారలేదనేవాళ్లలో చాలామంది దగ్గర దొరికేది ఇదే.

ఇప్పుడు మళ్లీ పింగ్ విండో, పక్కన స్పీడ్ టెస్ట్. కూకట్‌పల్లిలో సున్నాలు సరిచేశాక కనిపించినవి 27, 28, 31, 29. అప్‌లోడ్ దశ మొత్తం అంతే. మీకు ఖాళీ లైన్ మీద ఉన్నదానికంటే 5, 10 మిల్లీసెకన్లకు మించి పెరగకపోతే అయిపోయినట్టే. ఆ తర్వాత 2 శాతం చొప్పున పెంచుకుంటూ పొండి. పింగ్ కదలడం మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి రండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ విడివిడిగా చేయండి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది చెడిందో తెలియదు.

45 పెడితే 30యే వస్తోందంటే రౌటర్ ప్రాసెసర్ ఆయాసపడుతోంది. కట్టడి పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. టెస్ట్ నడుస్తుండగా రౌటర్‌లో టాప్ కమాండ్ నడిపితే, ఐడిల్ (ప్రాసెసర్ ఖాళీ శాతం) అంకె సున్నా దగ్గరికి పోతే అదే కారణం. 50 ఎంబీపీఎస్‌కి ఇప్పటి రౌటర్లలో అంత ఇబ్బంది రాకూడదు. రేపు 300, 500 తీసుకుంటే మాత్రం రౌటర్ కూడా పెంచుకోవాల్సి వస్తుంది.

మీరు ఫొటో పెట్టిన ఓఎన్‌టీ మీద వైఫై లైటు వెలుగుతోంది. అక్క ఫోన్ ఏ వైఫైకి కనెక్ట్ అయి ఉంది? మీ రౌటర్‌కి కాకుండా ఆపరేటర్ డబ్బా వైఫైకి అయితే, ఆమె ట్రాఫిక్ మీ రౌటర్ గడప తొక్కదు. మీరు లోపల ఎంత బాగా పంచుకున్నా బయట ఆమె క్యూ నింపేస్తారు. ఓఎన్‌టీ వైఫై ఆపేయండి, టీవీ బాక్స్ కేబుల్ కూడా మీ రౌటర్ వెనక్కి మార్చండి. ఇంట్లో ప్రతి బిట్టూ ఒకే గుమ్మంలోంచి పోవాలి. ఆపరేటర్‌ని అడిగి ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (లాగిన్ పని మీ రౌటర్‌కి వదిలేసి, డేటాని మాత్రం అటూ ఇటూ పంపేలా) పెట్టించుకుంటే ఇంకా శుభ్రం. అతను ఒప్పుకోకపోయినా కంగారు లేదు, రెండు నాట్‌లు ఉన్నంత మాత్రాన ల్యాగ్ రాదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వద్దనుకుంటే వేరే దారులున్నాయి. కొన్ని ఏసస్ మోడళ్లకి మెర్లిన్ ఫర్మ్‌వేర్‌లో కేక్ ఉంది. మైక్రోటిక్ రౌటర్‌ఓఎస్ 7 నుంచి కేక్, ఎఫ్‌క్యూ-కోడెల్ రెండూ ఇస్తోంది. యూనిఫై రౌటర్లలో స్మార్ట్ క్యూస్ అంటారు. ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌లో షేపర్‌తో ఎఫ్‌క్యూ-కోడెల్ కట్టుకోవచ్చు. పేరు ఏదైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: డౌన్‌లోడ్, అప్‌లోడ్ స్పీడ్ నన్ను రాయనిస్తుందా, ఆ కట్టడి దగ్గరే క్యూని చూసుకుంటుందా? "గేమింగ్ మోడ్" బటన్ ఒక్కటే ఉంటే డబ్బు దాచుకోండి. పీసీ మొత్తానికి ప్రయారిటీ ఇచ్చే రకాలు ఇంకా చిత్రం. మీ పీసీలో స్టీమ్ అప్‌డేట్ మొదలైతే అది కూడా వీఐపీయే.

ఏమీ కొనకుండా, ఏమీ ఎక్కించకుండా ఈ వారం గడవాలంటే నాటు వైద్యం కూడా ఉంది. మీ పాత రౌటర్ బ్యాండ్‌విడ్త్ కంట్రోల్‌లో అక్క ఫోన్‌కి 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ హద్దు పెట్టండి. పీసీలో గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, స్టీమ్‌లకి వాటి సెట్టింగుల్లోనే స్పీడ్ హద్దులున్నాయి. లైన్ ఖాళీగా ఉన్నా బ్యాకప్ 20లోనే నడుస్తుంది కాబట్టి ఇది చక్కటి పరిష్కారం కాదు, కానీ మీ ర్యాంక్ పడిపోకుండా ఆపుతుంది.

ఇదే జవాబు చూసి 5జీ ఎయిర్‌ఫైబర్ లాంటివి (కేబుల్ లేకుండా 5జీ సిగ్నల్ మీద వచ్చే ఇంటి నెట్) వాడేవాళ్లు కూడా 45000 కొట్టేస్తారేమో, ఆగండి. మీ లైన్ స్పీడ్ గంటగంటకీ మారుతుంది. స్థిరంగా ఒక అంకె పెడితే ఒకపూట స్పీడ్ వృథా, ఇంకోపూట ల్యాగ్. పింగ్ చూస్తూ కట్టడిని తనే పెంచి తగ్గించే కేక్-ఆటోరేట్ అనే స్క్రిప్ట్ ఉంది, మీకు అది కావాలి. దాని సంగతి వేరేగా రాయాలి.

మీరు ఇవాళ రాత్రి రౌటర్ జోలికి పోకండి. 9 గంటలకు కేబుల్ పెట్టి, పింగ్ విండో తెరిచి, అక్కని బ్యాకప్ ఆన్ చేయమని ఓ రెండు నిమిషాలు నడవనివ్వండి. ఖాళీగా ఎంత, అప్‌లోడ్‌లో ఎంత, వైఫై మీద రౌటర్‌కి ఎంత, ఈ మూడు అంకెలతో పాటు రౌటర్ అడుగున స్టికర్ మీది మోడల్, వెర్షన్ రాసి పెట్టండి. వెర్షన్ చూడకుండా ఏ ఫైల్ ఎక్కించాలో నేను చెప్పను.